కండలు చూపి అమ్మేవారి మాటను తూచడం ఎలా: జిమ్‌కు వెళ్లే యువకులకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వంటి పట్టణాల్లో ఇప్పుడు జిమ్‌లో చేరే కుర్రవాడు అక్కడి కోచ్‌ను కలవకముందే ఫోనులో పదిమంది కోచ్‌లను చూసి వస్తున్నాడు. ఆ పదిమందిలో ఎవరు తిండి, కసరత్తు, నిద్రలతోనే ఆ ఒళ్లు సంపాదించారో, ఎవరు హార్మోన్ మందుల తోడుతో సంపాదించారో అతనికి తెలియదు, చాలాసార్లు తెలియనివ్వరు. వయసొచ్చిన మనిషి తన ఒంటితో ఏం చేసుకుంటాడన్నది చాలావరకు అతని ఇష్టమే కనుక, ఈ మార్గదర్శి ఎవరినీ దోషిగా నిలబెట్టడానికి రాసినది కాదు. అయితే మందులతో వచ్చిన ఒంటిని చూపి "ఇది మా పొడి వల్ల, మా ప్లాను వల్ల వచ్చింది" అని అమ్మినప్పుడు కొనేవాడు డబ్బు ఒక్కటే పోగొట్టుకోడు. ఎంత కాలంలో ఎంత కండ రావాలన్న లెక్కే అతని మనసులో తప్పుగా పడిపోతుంది. ఆరు నెలలు చెమటోడ్చాక అద్దంలో ఆ ఒళ్లు కనబడకపోయేసరికి లోపం తనలోనే ఉందనుకుంటాడు; సరిగ్గా ఆ సమయంలోనే ఎవరో ఒకరు సూది సంగతి ఎత్తుతారు. కింది అడుగులు ముఖ్యంగా ఆ కాలం లెక్కను సరిచేసుకోవడానికి ఉద్దేశించినవి.

మొదటి అడుగు: జిమ్‌లో వినబడే పేర్లను వేరుచేసుకోండి

మన ఇళ్లలో ప్రోటీన్ డబ్బా కనబడగానే "పిల్లవాడు స్టెరాయిడ్లు తింటున్నాడు" అని కంగారుపడతారు. జిమ్‌లో మాత్రం అసలైన స్టెరాయిడ్‌ను "కోర్సు" అనో "సైకిల్" అనో పేరు పెట్టి, వాన గురించి మాట్లాడుకున్నంత తేలికగా మాట్లాడుకుంటారు. ఈ గందరగోళం అమ్మేవారికి లాభం కాబట్టి ముందు దీన్ని తీర్చుకోవాలి.

వే ప్రోటీన్ పాల నుంచి వచ్చే ఆహారం. చీజ్ తయారీలో మిగిలే తేట నీటిని ఆరబెట్టి పొడి చేస్తారు. క్రియాటిన్ మన శరీరం తానే తయారుచేసుకునే, మాంసం చేపలలోనూ దొరికే పదార్థం. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బరువులెత్తే శక్తి కొద్దిగా పెరుగుతుందని చాలా పరిశోధనలు తేల్చాయి. ఈ రెండూ స్టెరాయిడ్లు కావు. అనబాలిక్ స్టెరాయిడ్లంటే పురుష హార్మోనైన టెస్టోస్టెరాన్, దాన్ని మార్చి తయారుచేసిన నాండ్రోలోన్, స్టానోజోలోల్, మెథాండియనోన్ వంటి మందులు. జిమ్‌లో డెకా, డీబాల్ అని వినబడేవి ఇవే. సార్మ్స్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే గోలీలు కూడా ఒంట్లో టెస్టోస్టెరాన్ అతుక్కుని పనిచేసే గ్రాహకాల మీదే పనిచేస్తాయి. వాటిని "స్టెరాయిడ్ కాదు, సేఫ్" అని అమ్మడం కొనేవాడి తెలియనితనం మీద చేసే వ్యాపారమే.

ఆస్తమాకూ, అలర్జీకీ వైద్యులు రాసే ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ వంటివి పూర్తిగా వేరే జాతి స్టెరాయిడ్లు. అవి కండను పెంచవు, దీర్ఘకాలం వాడితే కరిగిస్తాయి కూడా. పల్లెల్లో బక్కపల్చగా ఉన్నవారికి రహస్యంగా చేతిలో పెట్టే "ఒళ్లొచ్చే గోలీల"లో తరచుగా ఉండేది ఈ డెక్సామెథాసోన్, దానితో కలిపి ఆకలి పుట్టించే సైప్రోహెప్టడీన్. వాటితో ముఖం గుండ్రమై, ఒంట్లో నీరూ కొవ్వూ చేరి, తూకంలో బరువు పెరిగినట్టు కనబడుతుందే తప్ప అది కండ కాదు. పైగా కొంతకాలం వాడి ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథి పని చాలక మనిషి కుప్పకూలే ప్రమాదముంది.

ఇక మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే హైదరాబాద్ జిమ్‌లలో దీన్ని అక్రమంగా అమ్ముతూ పట్టుబడిన కేసులు పత్రికల్లో పలుమార్లు వచ్చాయి. అక్కడ పట్టుబడిన సరుకు జాతీయ రహదారి మీద మన దాకా రావడానికి ఎంతో సమయం పట్టదు. ఇది స్టెరాయిడ్ కానే కాదు. మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేసేటప్పుడు రోగి రక్తపోటు పడిపోతే పైకి లేపడానికి వైద్యులు వాడే ఉత్తేజకం. ఆరోగ్యవంతుడు దీన్ని ఎక్కించుకుని బరువులెత్తితే గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. అలవాటు కూడా పడుతుంది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం స్టేడియంలో తెల్లవారుజామున పరుగెత్తే అభ్యర్థులకు కూడా దీన్ని అంటగట్టేవారుంటారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. ఆ వేగం కొన్ని నెలల క్రమమైన సాధనతో సాధారణ యువకుడికి అందేదే. మన ఎండలో, నీరు తగ్గిన ఒంటితో, ఉత్తేజకం ఎక్కించుకుని పరుగెత్తడం గుండెతో ఆడుకోవడమే.

రెండో అడుగు: మందు ఎంత తేడా తెస్తుందో అంకెల్లో తెలుసుకోండి

"మందు ఒక్కటే ఏం చేస్తుందన్నా, కష్టపడాలి కదా" అన్న మాట జిమ్‌లో ప్రతివాడూ అంటాడు. అందులో సగం నిజముంది కాబట్టే అది అంతగా చెల్లుబాటవుతోంది. షలేందర్ భాసిన్ బృందం 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ప్రయోగం మిగతా సగాన్ని చెబుతుంది. బరువులెత్తిన అనుభవమున్న ఆరోగ్యవంతులైన పురుషులను నాలుగు గుంపులు చేసి, హార్మోన్ లోపమున్నవారికి సాధారణంగా ఇచ్చే మోతాదుకు దాదాపు ఆరు రెట్ల టెస్టోస్టెరాన్‌ను రెండు గుంపులకూ, ఉత్తుత్తి సూదిని మిగతా రెండు గుంపులకూ పది వారాలు ఇచ్చారు. ఒక్కో జతలో ఒక గుంపు కసరత్తు చేసింది, ఇంకొకటి చేయలేదు. కసరత్తు మాత్రమే చేసినవారికి కొవ్వు కాని బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. కసరత్తు చేయకుండా హార్మోన్ మాత్రం తీసుకున్నవారికి 3.2 కిలోలు పెరిగింది. రెండూ చేసినవారికి 6.1 కిలోలు పెరిగింది.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదవండి. కుర్చీలో కూర్చుని సూది వేయించుకున్నవాడు, సూది లేకుండా పది వారాలు బరువులెత్తినవాడిని దాటిపోయాడు. కొవ్వు కాని బరువులో నీరు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇదంతా కండ అనుకోనక్కర్లేదు, కానీ తేడా ఎంతటిదో స్పష్టమే. యూరియా చల్లిన మడి పక్కన నిలబడి తన మడిలో విత్తనం మంచిది కాదేమోనని రైతు కుమిలిపోవడం ఎలాంటిదో, వాడేవాడి పది వారాల ఫోటో చూసి వాడనివాడు బాధపడటమూ అలాంటిదే.

మూడో అడుగు: ఒక చిన్న లెక్క వేయండి, దాని హద్దులు కూడా గుర్తుంచుకోండి

మొత్తం బరువులోంచి కొవ్వు బరువును తీసేసి, మిగిలినదాన్ని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే కొవ్వు రహిత దేహ సూచిక వస్తుంది. ఉదాహరణకు 170 సెంటీమీటర్ల ఎత్తు, 68 కిలోల బరువు, 15 శాతం కొవ్వు ఉన్న యువకుడిలో కొవ్వు కాని బరువు 57.8 కిలోలు, దాన్ని 2.89తో భాగిస్తే 20 వస్తుంది. ఇది మామూలు ఆరోగ్యవంతుడి అంకె. 1995లో కౌరీ, పోప్ తదితరులు 157 మంది క్రీడాకారులను పరిశీలించినప్పుడు, స్టెరాయిడ్లు వాడని 74 మందిలో ఈ సూచిక సుమారు 25 దగ్గర ఆగిపోయింది. వాడిన 83 మందిలో చాలామంది దాన్ని దాటి పోయారు. అదే 170 సెంటీమీటర్ల మనిషికి 25 రావాలంటే పది శాతం కొవ్వుతో 80 కిలోలుండాలి. మీరు రోజూ చూసే పేజీలో ఆ ఎత్తు మనిషి, కడుపు మీద గీతలు కనబడుతూ, 88 కిలోలున్నానని తానే చెబుతుంటే, ఏడాది పొడవునా అలాగే ఉంటుంటే, సందేహించడానికి మీకు గట్టి ఆధారముంది.

సందేహమే తప్ప తీర్పు మాత్రం కాదు. ఎముకల వెడల్పూ, వంశమూ కలిసొచ్చిన అరుదైనవారు మందు లేకుండా ఆ గీత దాటవచ్చు. ఇంటర్నెట్‌లో చెప్పుకునే ఎత్తు, బరువు, కొవ్వు శాతం మూడూ అబద్ధాలు కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, సూచిక 22 ఉన్నవాడు కూడా మందు వాడుతుండవచ్చు. అతనికి అది లేకపోతే 20 ఉండేదేమో. వీపు మీద మొటిమలు, రొమ్ము ఉబ్బు, కొద్ది నెలల్లో వచ్చిన పది కిలోలు వంటి గుర్తులు కూడా అనుమానాన్ని బలపరుస్తాయి కానీ నిరూపించవు. కాబట్టి ఎవరి పేజీ కిందనైనా "నువ్వు సైకిల్ మీద ఉన్నావు" అని రాయడంలో న్యాయమూ లేదు, లాభమూ లేదు.

ఫోటోల విషయం క్లుప్తంగా ముగించవచ్చు. కసరత్తు అయిన వెంటనే, పైనుంచి పడే ఒకే దీపం కింద, ఒంటి వెంట్రుకలు తీసి, ఉప్పూ నీరూ సర్దుకుని తీసిన ఫోటోకూ, అదే మనిషి అన్నం తిని మామూలుగా నిలబడ్డ ఫోటోకూ మధ్య తేడా ఆరు నెలల సాధన అంత ఉంటుంది. ముందూ తర్వాతా అని చూపే ఫోటోల్లో వెలుతురు మారితే వాటిని లెక్కలోకి తీసుకోకండి.

నాలుగో అడుగు: అమ్మేవారిని సూటిగా అడగండి

ఒళ్లు చూపించడం వేరు, ఒళ్లు చూపి అమ్మడం వేరు. మొదటిదానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేకపోవచ్చు; రెండోదానికి ఉంది. కాబట్టి ప్లాను కొనేముందు అడగవలసిన ప్రశ్న ఇలా ఉండాలి: "మీరు ఇప్పుడు గానీ, ఇంతకుముందు ఎప్పుడైనా గానీ టెస్టోస్టెరాన్, ఇతర స్టెరాయిడ్లు, గ్రోత్ హార్మోన్, సార్మ్స్ వాడారా? వాడితే ఈ ఫోటోలు ఏ కాలానివి?" ఇప్పుడు వాడటం లేదన్న జవాబు సరిపోదు. ఎలుకల మీద 2013లో ప్రచురితమైన నార్వే ప్రయోగంలో, టెస్టోస్టెరాన్ ఇచ్చినప్పుడు కండ కణాల్లో పెరిగిన కేంద్రకాలు మందు ఆపాక కూడా నిలిచి ఉండి, తర్వాత వ్యాయామంలో కండ వేగంగా పెరగడానికి తోడ్పడ్డాయి. మనుషుల్లో ఇది ఎంతమేరకు వర్తిస్తుందన్నది ఇంకా తేలాల్సి ఉన్నా, మూడేళ్ల కిందటి సైకిల్‌ను దాచి ఈనాటి ఒంటిని నమూనాగా చూపడం న్యాయం కాదు.

జవాబు "ఎప్పుడూ లేదు" అని వచ్చినంత మాత్రాన నమ్మనక్కర్లేదని లివర్ కింగ్ ఉదంతం చెబుతుంది. పచ్చి కాలేయం తింటూ ఆదిమానవుల జీవనశైలి వల్లే తన ఒళ్లలా ఉందని లక్షలాదిమందికి చెప్పి, అవయవ మాంసపు సప్లిమెంట్లు అమ్మిన ఈ అమెరికన్, తన ఈమెయిళ్లు బయటపడ్డాక 2022 డిసెంబరులో స్టెరాయిడ్లు వాడుతున్నానని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. నెలకు పదకొండు వేల డాలర్లకు పైగా మందులకు ఖర్చు పెడుతున్నట్టు ఆ ఈమెయిళ్లలో ఉంది. నేను గమనించినంతలో ఇలాంటి వ్యక్తి కన్నా, వాడుతున్నానని మొదటి రోజే చెప్పి ప్లాను అమ్మేవాడు కొనేవాడికి తక్కువ హాని చేస్తాడు.

ఇక్కడ చట్టం కూడా కొంత తోడుంది. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనూ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు గానీ, ఉచిత సరుకు గానీ తీసుకుని చేసిన పోస్టును ప్రకటనగా స్పష్టంగా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్ సంఖ్య 1915. పొడి డబ్బా కొంటే 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి. అయితే సంఖ్య ఉండటమే నాణ్యతకు హామీ కాదు. 2024లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మన మార్కెట్లోని 36 ప్రోటీన్ పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రోటీన్ లెక్క నిజం కాదని తేలింది.

ఐదో అడుగు: ఎదురుగా ఉన్న కోచ్‌తో మాట్లాడండి

ఫోనులోని మనిషిని మార్చుకోవడం తేలిక, రోజూ "అన్నా" అని పిలిచే జిమ్ కోచ్‌కు వద్దని చెప్పడం కష్టం. అతను కోర్సు సంగతి ఎత్తినప్పుడు వాదనకు దిగనక్కర్లేదు. "అన్నా, ఏ మందో పేరు రాసివ్వు, డాక్టరుకు చూపించి చెబుతా" అంటే చాలు. చాలా సందర్భాల్లో మాట అక్కడితో ఆగిపోతుంది. టెస్టోస్టెరాన్ వంటివి వైద్యుడి చీటీ మీద మాత్రమే, లైసెన్సున్న మెడికల్ షాపులో మాత్రమే అమ్మాల్సినవి. లైసెన్సు లేకుండా జిమ్‌లో అమ్మడం 1940 నాటి ఔషధ చట్టం ప్రకారం నేరం. అలా అమ్ముతున్నట్టు తెలిస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం టోల్‌ఫ్రీ సంఖ్య 1800 599 6969కు చెప్పవచ్చు. చీటీ లేకుండా చేతులు మారిన సీసాలో ఏ మందు ఎంత ఉందో ఇచ్చేవాడికీ తెలియదు.

స్పోర్ట్స్ కోటా మీద ఆశ పెట్టుకున్నవారికి ఇంకో మాట. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థకు 2022లో చేసిన చట్టం అండ ఉంది. నాండ్రోలోన్ జాడలు మూత్రంలో నెలల తరబడి నిలుస్తాయి. ఒంట్లో దొరికినదానికి క్రీడాకారుడే బాధ్యుడు. కోచ్ ఇచ్చాడన్న మాట రక్షించదు.

ఆరో అడుగు: మీ సొంత లెక్క రాసుకోండి

కొత్తగా చేరిన యువకుడు బాగా తిని, వారానికి మూడు నాలుగు రోజులు క్రమంగా బరువులు పెంచుకుంటూ పోతే మొదటి ఏడాదిలో నెలకు అరకిలో, కొందరిలో కిలో దాకా కండ వస్తుందని అనుభవజ్ఞులైన కోచ్‌లు అంచనా వేస్తారు. రెండో ఏడాది అందులో సగం, ఆ తర్వాత ఇంకా తక్కువ. మూడేళ్ల తర్వాత ఏడాదికి కిలో వచ్చినా మంచి ఫలితమే. ఈ లెక్క వినడానికి చప్పగా ఉంటుంది. దీన్ని పెట్టి ఎవరూ రీల్ చేయరు.

ప్రోటీన్ విషయంలో 2018లో 49 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ, కిలో దేహ బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం పెద్దగా లేదని చెప్పింది. 65 కిలోల మనిషికి ఇది 104 గ్రాములు. నాలుగు గుడ్లలో 25, పావుకిలోకు కొంచెం తక్కువ కోడిమాంసంలో 45, గుప్పెడు పప్పులో 11, నలభై గ్రాముల పల్లీల్లో 10, గ్లాసు పాలలో 8, కప్పు పెరుగులో 6, జొన్నరొట్టెలు అన్నం కలిపి 10 గ్రాములు వేసుకుంటే డబ్బా తెరవకుండానే ఆ లెక్క దాటిపోతుంది. పల్లీలు పండే పాలమూరులో పల్లీ పట్టీకి బదులు విదేశీ ప్రోటీన్ బార్ కొనడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. మాంసం తిననివారికి యాభై గ్రాముల సోయా చంక్స్‌లో 26, వంద గ్రాముల పనీర్‌లో 18 గ్రాములుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని సలహా ఇచ్చింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

ఒక నోటుబుక్కులో ఎత్తిన బరువులు, వారానికోసారి ఉదయం తూకం, నెలకోసారి నడుము, భుజం, తొడ కొలతలు రాయండి. పోలిక గడిచిన మూడు నెలల పేజీతో పెట్టుకోండి.

ఏడో అడుగు: ఇప్పటికే వాడి ఉంటే

సిగ్గుపడి దాచడం వల్ల జరిగే నష్టం మందు నష్టానికి తోడవుతుంది. డెన్మార్క్‌లో జిమ్‌లలో పరీక్షించి స్టెరాయిడ్ దొరికిన 545 మంది పురుషులను సాధారణ జనాభాతో పోల్చిన 2018 అధ్యయనంలో వారి మరణాల రేటు మూడు రెట్లు ఉంది. 2017లో అమెరికాలో 140 మంది బరువులెత్తేవారి గుండెను స్కాన్ చేస్తే, ఎడమ గది తనలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి తోసే వాటా వాడనివారిలో 63 శాతం, వాడేవారిలో 52 శాతం ఉంది.

పెళ్లి చూపులు దగ్గరపడ్డవారు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ టెస్టోస్టెరాన్ సూదిని మగవారి గర్భనిరోధకంగా పరీక్షించింది. 1990లో వెలువడిన ఫలితాల్లో 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లో వీర్యంలో కణాలే లేకుండా పోయాయి. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడులోని పిట్యూటరీ గ్రంథి వృషణాలకు సంకేతం ఆపేస్తుంది, అవి చిన్నబోతాయి. మానేశాక చాలామందిలో నెలల్లో తిరిగి మొదలవుతుంది. ఎక్కువకాలం ఎక్కువ మోతాదు వాడినవారికి ఏడాది, రెండేళ్లు పట్టవచ్చు, కొందరు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

కాబట్టి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులకు గానీ, బీబీనగర్ ఎయిమ్స్‌కు గానీ వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సీబీపీ, కొలెస్ట్రాల్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు, ఈసీజీ, అవసరాన్ని బట్టి టూడీ ఎకో, వీర్య పరీక్ష చేయిస్తారు. సూది పంచుకుని ఉంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. గట్టి కసరత్తు తర్వాత కాలేయ పరీక్షలోని కొన్ని అంకెలు కండ నుంచే పెరుగుతాయి కాబట్టి, ముందు కొన్ని రోజులు బరువులు మాని, జిమ్ సంగతి వైద్యుడికి చెప్పాలి. మానేశాక కొన్ని నెలలు నిరుత్సాహం, కోరికలు తగ్గడం సాధారణం; ఆత్మహత్య ఆలోచనలు వస్తే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఈ దశలోనే చాలామంది మళ్లీ సైకిల్ మొదలుపెడతారు. "సైకిల్ తర్వాత వేసుకునే గోలీలు" అని జిమ్‌లో ఇచ్చేవి కూడా మందులే, వాటిని సొంతంగా మింగకూడదు.

ఎనిమిదో అడుగు: మీకే ఒక పేజీ ఉంటే

వెయ్యిమంది చూసే పేజీ అయినా ఇదే పద్ధతి వర్తిస్తుంది. వాడి ఉంటే ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అన్నది పేజీ పైనే రాయండి; మందుల పేర్లూ, మోతాదులూ రాయకండి, అవి చదివి పాటించే పదిహేనేళ్ల పిల్లవాడు తప్పకుండా ఉంటాడు. వైద్యుడి చీటీ మీద టెస్టోస్టెరాన్ తీసుకుంటున్నా అది కూడా చెప్పాల్సిందే. వాడకపోతే ఆ మాట చెప్పి, దానితో పాటు ఎన్నేళ్లు పట్టిందో, మధ్యలో ఎన్ని నెలలు ఏ మార్పూ రాలేదో చూపండి. శిష్యుడి ఫోటో పెట్టేముందు అతని అనుమతి తీసుకోండి, అతను ఏమైనా వాడాడా అని విడిగా అడగండి. జవాబు రాకపోతే ఆ ఫోటోను ప్లాను అమ్మకానికి వాడకండి. ముందూ తర్వాతా ఫోటోలను ఒకే గోడ ముందు, ఒకే వెలుతురులో, కసరత్తుకు ముందు తీసి, రెండింటి కింద తేదీ, బరువు రాయండి.